లాఫ్ట్ గది ఉన్న టెర్రస్ ఇల్లు కొనేవారికి హెచ్చరిక: కంప్లీషన్ సర్టిఫికెట్ చూడనిదే ముందుకు వెళ్లకండి

ఇంగ్లండ్‌లో పాత టెర్రస్ ఇల్లు (పక్కిళ్లతో గోడలు కలిసి వరుసగా ఉండే ఇల్లు) కొనే ఆలోచనలో ఉన్న తెలుగువారందరూ ఇది చదవాలని కోరుతున్నాను. కిందా పైనా రెండంతస్తులున్న ఇంటికి పైకప్పు కింది ఖాళీ చోటును, అంటే లాఫ్ట్‌ను, మూడో అంతస్తుగా మార్చి అమ్మకానికి పెడితే, మేము ఆఫర్ పెట్టాం. అమ్మేవారు ఒప్పుకున్నారు. ఇరుపక్షాలూ కొనుగోలుకు చట్టబద్ధంగా కట్టుబడే కాంట్రాక్ట్ ఎక్స్‌ఛేంజ్‌కు కొద్ది రోజుల ముందు మేమే వెనక్కి తగ్గవలసి వచ్చింది. సర్వేకు, ఇంటి రికార్డులు వెతికించే సెర్చ్‌లకు, కొనుగోలు కాగితాలు చూసే లాయరైన సొలిసిటర్‌కు కట్టిన డబ్బు పోయింది. అంతకంటే నన్ను కలవరపెట్టిన విషయం వేరు. పై గదిలో మా పిల్లలను పడుకోబెట్టాలనుకున్నాం, కానీ కింద నిప్పు అంటుకుంటే వాళ్లు బయటపడే దారి ఆ ఇంట్లో లేదు.

మొదట కాగితాల సంగతి చెబుతాను, ఎందుకంటే చాలామంది అక్కడే మోసపోతున్నారు. అనుమతులున్నాయా అని అడిగితే ఎస్టేట్ ఏజెంట్ కౌన్సిల్ పేరుతో ఉన్న లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్ చూపించారు. అది నకిలీ కాదు, అసలు కాగితమే. కాకపోతే అది ప్లానింగ్‌కు సంబంధించినది. టెర్రస్ ఇంటి పైకప్పును 40 ఘనపు మీటర్ల వరకు పెంచుకోవడానికి, మిగతా షరతులు కూడా పాటిస్తే, విడిగా ప్లానింగ్ పర్మిషన్ అక్కర్లేదు. ఆ సర్టిఫికెట్ చెప్పేది అంతవరకే. నేల బరువు మోస్తుందా, మెట్లు సరిగా ఉన్నాయా, మంటలను గోడలూ తలుపులూ ఆపుతాయా అన్నవి బిల్డింగ్ రెగ్యులేషన్స్ కిందికి వస్తాయి. వాటి ప్రకారం పని జరిగిందని చెప్పేది నిర్మాణ పనులను తనిఖీ చేసే బిల్డింగ్ కంట్రోల్ ఇచ్చే కంప్లీషన్ సర్టిఫికెట్. మా సొలిసిటర్ దాన్ని అడిగితే అమ్మేవారు మొదట బిల్డర్ దగ్గర ఉందన్నారు, తరువాత పని చాలా పాతదన్నారు, చివరికి ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ కొనిస్తామన్నారు.

ఈ ఇండెమ్నిటీ పాలసీ గురించి కొంచెం నిదానంగా ఆలోచించండి. కౌన్సిల్ చర్య తీసుకుంటే కలిగే నష్టాన్ని అది భరిస్తుంది. అలాంటి చర్య ఏదీ లేకుండా మీరే తలుపులు మార్చుకోవడానికి, గోడ కట్టుకోవడానికి అది డబ్బివ్వదు, గదిలో పడుకున్న మనిషికి రక్షణ అసలే ఇవ్వదు. పైగా కౌన్సిల్‌ను మీరే సంప్రదిస్తే సాధారణంగా ఆ పాలసీ చెల్లదు. అందుకే కాబోలు, కౌన్సిల్‌కు ఫోన్ చేయవద్దని ఏజెంట్ మాకు ఒకటికి రెండుసార్లు చెప్పారు. పని పూర్తయి ఏడాది దాటితే కౌన్సిల్ ఏమీ చేయజాలదన్న మాట కూడా విన్నాం. 2022 నాటి బిల్డింగ్ సేఫ్టీ చట్టం ఆ ఏడాది గడువును 10 ఏళ్లకు పెంచింది కాబట్టి ఆ మాటను ఇప్పుడు నమ్మకండి.

మమ్మల్ని కాపాడింది ఇంటి నిర్మాణాన్ని లోతుగా పరిశీలించే లెవెల్ 3 సర్వే. బ్యాంకు చేయించే వాల్యుయేషన్ తన అప్పుకు ఇల్లు చాలునా అని మాత్రమే చూస్తుంది, దాన్ని సర్వే అనుకోకూడదు. మా సర్వేయర్ లాఫ్ట్ నుంచి వీధి తలుపు దాకా మెట్ల దారినే ముందు చూశారు. పై అంతస్తు నేల భూమి నుంచి 4.5 మీటర్లు దాటితే కిటికీలోంచి తప్పించుకోవడాన్ని లెక్కలోకి తీసుకోరు. లాఫ్ట్ నుంచి బయటి తలుపు వరకు మెట్ల చుట్టూ 30 నిమిషాలు మంటను ఆపగల గోడలు ఉండాలి. ఆ దారిలోకి తెరుచుకునే పడకగదులకు, హాలుకు, వంటగదికి కనీసం 20 నిమిషాలు తట్టుకునే ఫైర్ డోర్లు ఉండాలి, బాత్రూమ్‌కు మాత్రం మినహాయింపు ఉంది. బజారులో సులభంగా దొరికేవి ఎఫ్‌డీ 30 (30 నిమిషాలు మంటను తట్టుకునే) తలుపులు కాబట్టి బిల్డర్లు మామూలుగా వాటినే బిగిస్తారు, వాటి మందం సుమారు 44 మిల్లీమీటర్లు.

ఆ ఇంట్లో మెట్లు నేరుగా ముందు హాలులోకే దిగుతున్నాయి, హాలుకూ వంటగదికీ మధ్య గోడ తీసేశారు. అంటే పొయ్యి దగ్గర మొదలైన పొగ మెట్ల గుండా తిన్నగా పై గదికే వెళ్తుంది. పడకగది తలుపు అంచుకు సర్వేయర్ టేపు పెడితే 35 మిల్లీమీటర్లు వచ్చింది. వేడికి ఉబ్బి సందు మూసే పట్టీ ఏ తలుపుకూ లేదు, రెండింటికి మామూలు అద్దాలున్నాయి. పైకప్పు కిటికీ పెద్దదే కదా, ఎక్కి బయటికి రావచ్చు అన్నారు ఏజెంట్. 2007కు ముందున్న మార్గదర్శకాల్లో అలాంటి కిటికీకి కొంత చోటు ఉండేది, ఇప్పుడు లేదు. ప్రతి అంతస్తులోనూ కరెంటుతో పనిచేస్తూ, ఒకటి మోగితే అన్నీ మోగేలా కలిపిన స్మోక్ అలారాలు ఉండవలసిన చోట, బ్యాటరీ తీసేసిన అలారం ఒక్కటే వేలాడుతోంది.

తరువాత ఆయన లాఫ్ట్ గది పక్కనున్న చిన్న తలుపు తీసి, చూరు కింద టార్చి వేసి నన్ను చూడమన్నారు. రెండిళ్ల మధ్య గోడ పైకప్పు దాకా వెళ్లలేదు. ఇటుకలు ఊడిన ఖాళీలోంచి పక్కింటివారి అట్టపెట్టెలు, వాటి మీద రాసిన అక్షరాలతో సహా కనిపించాయి. ఆ గోడ పైకప్పు అడుగు దాకా సందులేకుండా ఉండి 60 నిమిషాలు మంటను ఆపాలి. అటుపక్క మంట పుడితే మన పిల్లల గదికి రావడానికి దానికి అడ్డేమీ లేదన్నమాట. లాఫ్ట్ గది నేల కింద ఉన్నవి కూడా ఒకప్పుడు సీలింగ్‌ను మోయడానికి వేసిన సన్నటి దూలాలే, వాటి మీద చెక్కపలకలు పరిచేశారు.

ఎక్స్‌ఛేంజ్‌కు ముందే జరిగిపోయిన పనిని తరువాత తనిఖీ చేసి ఇచ్చే రెగ్యులరైజేషన్ సర్టిఫికెట్‌ను కౌన్సిల్ నుంచి తెచ్చివ్వమని అమ్మేవారిని అడిగాం. 1985 నవంబరు 11 తరువాత అనుమతి లేకుండా జరిగిన పనులకు ఈ మార్గం ఉంది. అవసరమైతే ప్లాస్టర్ పగలగొట్టి చూపించాలి, లోపాలు సరిదిద్దాలి. అమ్మేవారు దానికి ఒప్పుకోలేదు, ధర కొంత తగ్గిస్తామన్నారు. ఇంట్లో నిప్పు రాకుండా ఉంటుందన్న నమ్మకానికి ధర కట్టడం నాకు ఇష్టం లేదు.

ప్రకటనలో బెడ్‌రూమ్ అనకుండా లాఫ్ట్ రూమ్ అని రాసి, ధర మాత్రం బెడ్‌రూమ్‌కు కట్టి అడుగుతున్నారంటే అక్కడే ఆగి, మొదటిసారి ఇల్లు చూసిన రోజునే కంప్లీషన్ సర్టిఫికెట్ కాపీ అడగండి. అమ్మేవారు నింపే టీఏ6 ఫారంలో మార్పుల గురించి ఏం రాశారో సొలిసిటర్‌ను అడిగి మీరే చదవండి. ఇండెమ్నిటీ మాట రాకముందే ఆ చిరునామాకు సర్టిఫికెట్ నమోదైందో లేదో కౌన్సిల్ రికార్డుల్లో చూడండి. స్కాట్లండ్ నిబంధనలు వేరు కాబట్టి అక్కడ కొనేవారు స్థానిక సర్వేయర్‌ను అడగాలి.

ఇప్పటికే ఇలాంటి ఇంట్లో ఉంటున్నవారు ఒకదానితో ఒకటి కలిసి మోగే అలారాలను ఆలస్యం లేకుండా పెట్టించుకోండి, రాత్రి పడుకునేముందు వంటగది, హాలు తలుపులు మూయండి. మీ పేరున ఇండెమ్నిటీ పాలసీ ఉంటే, కౌన్సిల్‌కు రాసేముందు దాని షరతులు సొలిసిటర్‌కు చూపించండి. మెట్ల దారి సరిచేయించే వరకు ఆ పై గదిలో ఎవరినీ పడుకోనివ్వకండి.