వ్యాన్‌లో లిథియం బ్యాటరీ: ప్లగ్ చార్జరా, డీసీ-డీసీనా?

నల్లగొండ నుంచి సాగర్‌కో, కొల్లాపూర్ దాటి సోమశిలకో వ్యాన్ తీసుకెళ్లి అందులోనే పడుకునేవాళ్లకు లోపలి బ్యాటరీని ఎలా చార్జ్ చేయాలన్న టెన్షన్ తప్పదు.

ప్లగ్ చార్జర్: చవక, బిగించే పని లేదు. 20 ఆంపియర్లదైతే 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీ ఎంత పడుతుందో చెప్పే కొలత) బ్యాటరీ ఐదారు గంటల్లో నిండుతుంది. కానీ కృష్ణ ఒడ్డున సాకెట్ ఎక్కడిది?

డీసీ-డీసీ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీని నింపే చార్జర్): ఖరీదు. లావు వైర్లు, ఫ్యూజులు, ఎలక్ట్రీషియన్ కూలి అదనం. బండి నడుస్తుంటేనే ఎక్కుతుంది. 30 ఆంపియర్లతో గంటన్నరకు దాదాపు 45 ఏహెచ్. ఇది లేకుండా ఆల్టర్నేటర్‌కి నేరుగా కలిపారా, లిథియం కరెంటు గుంజేస్తుంది. మన మే ఎండల్లో ఆల్టర్నేటర్ మాడిపోవచ్చు.

ఏది కొన్నా చార్జర్‌లో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ (LiFePO4) సెట్టింగ్ చూడండి, 12 వోల్టుల బ్యాటరీకి చార్జింగ్ వోల్టేజ్ 14.2-14.6 వోల్టులు దాటొద్దు. ఇంట్లో పాత లెడ్ యాసిడ్ చార్జర్ ఉందని వాడకండి.

ఒక్క రాత్రికైతే ఇంట్లోనే ప్లగ్‌తో నింపుకుని బయల్దేరితే చాలు. రోజూ ఊరు మారితే డీసీ-డీసీ. ఒకేచోట నాలుగు రోజులా? రెండూ దండగే, సోలార్ ప్యానెల్ చూసుకోండి.