పెళ్లి స్టూడియోతో చీరల షూట్: వీడియోలకి సరే, ఫోటోలకి వద్దు

మంగళగిరిలో ఇంటి దగ్గరే చేనేత చీరలు అమ్ముతాను. షాపంటూ లేదు. ముందు గదిలో రెండు బీరువాలు, వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్, ఒక ఇన్‌స్టా పేజీ, అంతే. ఇన్నాళ్లూ ఫోటోలు నేనే ఫోన్‌తో తీసుకున్నాను. ఈసారి పెళ్లిళ్లు తీసే ఒక స్టూడియో వాళ్ళని పిలిచాను. ఇలాంటి స్టూడియోలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి, పనితీరూ దాదాపు ఒకటే కాబట్టి పేరు రాయడం లేదు. ప్యాకేజీ 12,000 రూపాయలు. దానికి 20 చీరల ఫోటోలు, 6 రీల్స్, మగ్గం మీద ఒక నిమిషం వీడియో.

ముందు ఫోటోల సంగతి. చూడ్డానికి బాగున్నాయి, మ్యాగజైన్‌లో వేసుకోవచ్చు. మా అక్క కూతురు కట్టుకుని నిలబడితే హీరోయిన్‌లా వచ్చింది. కానీ చీర రంగు రాలేదు. నెమలిపింఛం రంగు చీర ఉత్త నీలంగా పడింది, వంగపండు రంగు మెరూన్‌లోకి పోయింది. పెళ్లిళ్లు తీసేవాళ్ళ దృష్టంతా మొహం మీదే ఉంటుంది. మొహం నిగనిగలాడేలా ఎడిట్ చేయడం వాళ్ళకి చేతి అలవాటు. పెళ్లికూతురి చీర రంగు కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ అడగరు. నా దగ్గర కొనేవాళ్ళు కొనేదే రంగు చూసి. పార్సిల్ విప్పి "అక్కా, ఫోటోలో ఉన్నది ఇది కాదు" అన్నారంటే రెండు వైపులా కొరియర్ ఖర్చు నాదే.

"మేడమ్, కొంచెం గ్రేడింగ్ చేస్తే లుక్ వస్తుంది" అన్నాడు స్టూడియో అబ్బాయి. గ్రేడింగ్ అంటే ఎడిటింగ్‌లో రంగులు మార్చడం. లుక్ వద్దు బాబూ, రంగు కావాలి అన్నాను. ఫ్రేమ్ నిండా ఒకే ముదురు రంగు ఉంటే, ఆటో మోడ్‌లో పెట్టిన కెమెరా ఆ రంగుని సరిచేయబోయి చెడగొడుతుంది. దానికి తోడు ఒక పక్క కిటికీ వెలుగు, ఇంకో పక్క వాళ్ళ ఎల్ఈడీ లైటు. రెండింటి తెలుపూ ఒకటి కాదు, అందుకే ఒకే చీర ఎడమ పక్క ఒక రంగులో, కుడి పక్క ఇంకో రంగులో కనిపిస్తుంది. లైట్లు ఆపించి, చీర పక్కన తెల్ల కాగితం పెట్టి దాన్ని బట్టి వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగానే పడేలా చేసే సెట్టింగ్, సరిచేయమన్నాను. చేశాడు, పాపం, విసుక్కోకుండా. ఆ తర్వాత తీసినవి చాలావరకు సరిగ్గా వచ్చాయి.

అసలు చిక్కు డబుల్ షేడ్ చీరలతో. పడుగు (నిలువు పోగులు) ఒక రంగు, పేక (అడ్డ పోగులు) ఇంకో రంగు వేసి నేస్తారు కదా, మడత తిప్పిన కొద్దీ రంగు మారుతూ ఉంటుంది. ఫోటోలో ఒక్క కోణమే పడుతుంది కాబట్టి ఎంత మంచి కెమెరా అయినా సగం చీరే కనిపిస్తుంది. స్టూడియోకి ఇచ్చిన డబ్బు గిట్టింది ఇక్కడే. వీధి గుమ్మం దగ్గర కొంగు పట్టుకుని మెల్లగా తిప్పుతుంటే, గింబల్ (కెమెరా కదలకుండా పట్టే స్టాండు) మీద కెమెరా పెట్టి అంచు నుంచి పైకి తీసుకెళ్లారు. ఆకుపచ్చ, ఎరుపు కలిసిన చీర అందులో ఎలా ఉందంటే, మా ఇంట్లో చేత్తో పట్టుకుని చూసినట్టే ఉంది. చెయ్యి వణక్కుండా అలా తీయడం నా ఫోన్‌తో అయ్యే పని కాదు. ఆ రీల్ పెట్టాక డబుల్ షేడ్ చీరలకి "ఇది అసలు ఏ రంగు?" అని అడిగేవాళ్ళు బాగా తగ్గారు.

ఒక్కటి మాత్రం ముందే చెప్పండి. వీళ్ళు అలవాటు కొద్దీ అడ్డంగా తీస్తారు. రీల్స్‌కి నిలువుగా, 9:16లో కావాలి. తర్వాత కత్తిరిస్తే అంచులు పోతాయి, మంగళగిరి చీరలో చూడాల్సిందే ఆ జరీ అంచు.

మగ్గం వీడియో మొదటి టేకు పాడైంది. గుంట మగ్గం (నేలలో గుంట తీసి అమర్చే మగ్గం) ఉండే గది చీకటిగా ఉంటుందని ట్యూబ్‌లైట్ వేశారు, స్లో మోషన్‌లో వెలుగంతా మిణుకుమిణుకుమంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పాత చోక్ ట్యూబ్‌లైట్ సెకనుకి 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. మామూలుగా కంటికి తెలియదు, స్లో మోషన్ కెమెరా పట్టేస్తుంది. లైటు ఆర్పి తలుపు బార్లా తీస్తే సరిపోయింది.

ఎడిటింగ్‌లో సినిమా పాట వేసి పంపారు. ఇన్‌స్టాలో బిజినెస్ అకౌంట్లకి సినిమా పాటలు చాలావరకు వాడుకోవడానికి ఉండవు, వీడియోలోనే అతికించి పెడితే సౌండ్ తీసేసే ప్రమాదం ఉంది. పాట తీసేసి మగ్గం చప్పుడే ఉంచమన్నాను. నాడె (పేక నూలు తీసుకెళ్లే పనిముట్టు) అటూ ఇటూ పోయే టకటక, కింద తొక్కుడు చెక్కల చప్పుడు. నా పేజీలో ఎక్కువమంది షేర్ చేసింది అదే.

పోస్టర్ల గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. తెలుగు ఒత్తులన్నీ విడిపోయి పక్కన పడ్డాయి, కాటన్ చీర కింద "పట్టు" అని రాశారు. వాడలేదు.

ఒరిజినల్ ఫైళ్లకి విడిగా 2,000 అడిగారు. బేరం కుదిరేటప్పుడే కలిపి మాట్లాడుకోండి. వాట్సాప్‌లో కాకుండా పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి, వాట్సాప్ మామూలుగా పంపితే క్వాలిటీ తగ్గిస్తుంది.

నేను మళ్ళీ వీళ్ళనే పిలుస్తాను, వీడియోలకి మాత్రమే. విడి ఫోటోలు పొద్దున పూట మేడ మీద, నీడ పట్టున, ఫోన్‌తోనే. మీరూ పిలవాలనుకుంటే ఆషాఢంలో పిలవండి. ముహూర్తాలుండవు, స్టూడియో వాళ్ళు ఖాళీగా ఉంటారు, రేటు కూడా దిగుతుంది. మనకేమో వరలక్ష్మీ వ్రతం అమ్మకాలకి వీడియోలు రెడీగా ఉంటాయి. శ్రావణం వచ్చిందంటే మాత్రం ఫోన్ కూడా ఎత్తరు.