ఆత్రేయపురంలో మొహం మీదే చెప్పేసే పూతరేకుల కొట్టు
మొన్న రావులపాలెం నుంచి వెళ్తూ ఆత్రేయపురంలో ఆగాం. అన్ని కొట్లవాళ్ళూ "స్వచ్ఛమైన నెయ్యండి, రండి" అనే పిలుస్తారు కదా, ఈ కొట్టులో ఆవిడ మాత్రం అడక్కుండానే "ఇది బెల్లందండి, ఇది పంచదారది, ఆ చవకది వనస్పతితో చేసింది, నెయ్యిది కావాలంటే రేటెక్కువ, పైసా తగ్గించనండి" అని తేల్చేసింది. అయినా ఇరవై తగ్గించమంటే నవ్వి, బోర్లించిన కుండ మీద రేకు తీస్తున్న కోడలి చేతులు చూపించి ఊరుకుంది. ఇంకేం అడుగుతాం! 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ ట్యాగ్ (భౌగోళిక గుర్తింపు) వచ్చిందని బోర్డు పెట్టారు గానీ, నాచేత కొనిపించింది ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పిన మాటే. బెల్లం రేకు నోట్లో ఇట్టే కరిగింది. జీడిపప్పు మాత్రం బాగా పొదుపు, అది కూడా ముందే చెప్పి ఉంటే బావుండేది. కార్డు తీసుకోరు, ఫోన్‌పే ఉంది.