జెర్సీలో పాతకాలపు పొలం చూపించాలంటే లాంగ్‌స్ట్రీట్, ఫాస్టర్‌ఫీల్డ్స్, హోవెల్‌లలో ఏది మేలు?

వేసవి వచ్చిందంటే న్యూజెర్సీలో ఎడిసన్ ఊరి చుట్టుపక్కల మనవాళ్ళ ఇళ్ళకు అమ్మానాన్నలు దిగుతారు. బ్రిడ్జ్‌వాటర్ గుడి, న్యూయార్క్, నయాగరా అయిపోయాక, సేద్యం చేసిన పెద్దవాళ్ళకు ఏం చూపించాలన్నది అసలు ప్రశ్న. నన్నడిగితే జనం చూడ్డానికి అలాగే నిలిపి ఉంచిన పందొమ్మిదో శతాబ్దపు పొలం చూపించండి. అలాంటివి న్యూజెర్సీలో మూడు బాగున్నాయి.

మోరిస్‌టౌన్‌లోని ఫాస్టర్‌ఫీల్డ్స్‌లో చూడాల్సింది ఇల్లు. 'ది విల్లోస్' అనే ఆ భవంతిని 1854లో జోసెఫ్ వారెన్ రివీర్ కట్టించాడు. అమెరికా స్వాతంత్య్ర పోరాటంలో రాత్రికి రాత్రి గుర్రమెక్కి వార్త మోసిన పాల్ రివీర్‌కు ఈయన మనవడు. 1881లో ఫాస్టర్ కుటుంబం కొని జెర్సీ ఆవులతో పాడి నడిపింది. ఆ ఇంటి కూతురు కరోలిన్ ఫాస్టర్ 1979లో నూరేళ్ళు దాటాక కన్నుమూసింది. కథ గొప్పదే. కానీ అది షావుకారు ఇల్లు, రైతు ఇల్లు కాదు. టికెట్టు కూడా ఉంది.

హోమ్‌డెల్‌లోని లాంగ్‌స్ట్రీట్‌లో అసలు సంగతంతా ఇంటి చుట్టూ ఉన్న కొట్టాల్లో ఉంది. 1890ల నాటి రైతు బతుకును అలాగే నిలబెట్టారు. హాలండ్ నుంచి వచ్చి స్థిరపడిన డచ్చివాళ్ళ తీరులో కట్టిన పాత కొట్టం దగ్గర తొందరపడకండి. మధ్యలో బండి తిరిగేంత నూర్పిడి కళ్ళం, అటూ ఇటూ పశువులకు చోటు, పైన అటక మీద గడ్డి: డచ్చి కొట్టాల తీరే అది. తల పైకెత్తి దూలాలు చూడండి. దూలం కొసను నాలుకలా చెక్కి, నిట్టాడుకు తొలిచిన బెజ్జంలో అవతలికి పొడుచుకొచ్చేలా దూర్చి, చెక్క మేకులు బిగించేవారు. మొక్కజొన్న కంకులు నిల్వచేసే గాదెకు పలకల మధ్య సందులు వదిలేవారు, గాలాడి కంకులు ఆరాలని. మన గాదెలు చూసిన కళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. పిల్లలకు మాత్రం తాతగారే చెప్పాలి, అక్కడే ఆ రోజు పండుతుంది. ప్రవేశం ఉచితం. స్థలం తొమ్మిదెకరాలే కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నా తిరగొచ్చు. ఇంటి లోపలికి రోజూ పంపరు, శని ఆదివారాలు చూసుకోవాలి.

హోప్‌వెల్ టౌన్‌షిప్‌లోని హోవెల్ పొలంలో కట్టడాలకంటే పని ముఖ్యం. 130 ఎకరాలు. కాంగ్రెస్ సభ్యుడిగా పనిచేసిన చార్లెస్ హోవెల్ జ్ఞాపకంగా ఆయన భార్య ఇనెజ్ 1974లో కౌంటీకి (మన జిల్లా లాంటిది) ఇచ్చేసింది. అక్కడ ఇప్పటికీ గుర్రాలతో, ఎడ్లతో దున్నుతారు. అమెరికాలో కాడి కట్టిన ఎడ్లు కనబడితే నాన్నగారి మొహం చూడాలి! అయితే శనివారాల్లో ఏ పని ఉంటుందో కేలెండర్ చూసి వెళ్ళండి. నడక కూడా ఎక్కువే.

ఒక్కటే చూడగలిగితే నా ఓటు లాంగ్‌స్ట్రీట్‌కే. ఇల్లెంత బాగున్నా, ఆ కాలపు రైతు గింజ ఎలా దాచాడో, పశువును ఎక్కడ కట్టాడో చెప్పేవి కొట్టాలే. నాన్నగారు అరకపట్టిన మనిషై, ఇంకా బాగా నడవగలిగితే మాత్రం ముందు హోవెల్‌కే తీసుకెళ్ళండి.