మనాలీ వైపు వేడి నీటి బుగ్గలు: ఉచితంగా దొరికినవే అసలైనవి

హిమాచల్‌లో మనాలీకి దిగువనున్న పార్వతీ లోయలో "సహజమైన వేడి నీటి స్పా" అని రాసుకున్న హోటల్ ఏదైనా కనిపిస్తే, డబ్బు కట్టే ముందు ఆ నీళ్లు ఏ బుగ్గ నుంచి వస్తున్నాయో, పైపు ఎక్కడి నుంచి లాగారో వీడియో కాల్‌లో చూపించమని అడగండి. మాటల్లో అడిగితే లాభం లేదు. మా ఆయన ఫోన్ చేసి రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ "బుగ్గ నీళ్లే సార్, గదిలోకే వస్తాయి" అన్నారు. అబద్ధం. దానికి మేము పోసింది గదికి రాత్రికి 6,800, స్పాకి మనిషికి 1,000 చొప్పున ముగ్గురికి 3,000.

అసలు ఈ ప్రయాణం పెట్టుకున్నదే అత్తయ్య కోసం. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, కొత్తగూడెంలో ఎవరో వేడి నీటి బుగ్గల్లో మునిగితే హాయిగా ఉంటుందని చెప్పారు, అప్పటి నుంచి అదే మాట. నొప్పి తగ్గుతుందని నేను చెప్పను, అది డాక్టర్లు చెప్పాలి. కానీ కాళ్లు పట్టేసే మనిషికి వేడి నీళ్లలో అరగంట కూర్చుంటే ఎంత సుఖమో కళ్లారా చూశాను. ఢిల్లీ నుంచి మనాలీకి వోల్వో బస్సు మనిషికి 1,450, రాత్రంతా ప్రయాణం, ఇబ్బందేమీ లేదు. సోలంగ్, అటల్ టన్నెల్, సిస్సు అన్నీ బాగున్నాయి, ఫొటోలు తీసుకున్నాం, వచ్చేశాం.

వశిష్ట్ గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి. మనాలీ ఊరికి మూడు కిలోమీటర్లే, బియాస్ నది అవతల గట్టు మీద ఉంటుంది. ఆటోకి 150 తీసుకున్నాడు. వశిష్ట మహర్షి గుడి పక్కనే రాతి గుండాలు, ఆడవాళ్లకి వేరు, మగవాళ్లకి వేరు. టికెట్ లేదు, రూపాయి అడిగేవాళ్లు లేరు. కొడుకులు పోయిన దుఃఖంలో మహర్షి తనని తాను తాళ్లతో కట్టేసుకుని నదిలో దూకితే, ఆ నది కట్లు విప్పి ఆయన్ని ఒడ్డుకి చేర్చిందనీ, అందుకే దానికి విపాశ అని పేరొచ్చిందనీ అత్తయ్య మెట్లు ఎక్కుతూనే పాపకి చెప్పింది. బియాస్ అంటే ఆ విపాశే.

తెల్లవారుజామునే వెళ్లండి. ఎనిమిది దాటితే టూరిస్టులతో నిండిపోతుంది, నీళ్లూ పలచని పాలలా కలకబారిపోతాయి. మేము వెళ్లేసరికి లోపల ఊరి ఆడవాళ్లు నలుగురైదుగురే ఉన్నారు. ముందు పక్కనున్న ధార కింద ఒళ్లు కడుక్కుని తర్వాతే గుండంలో దిగాలి, సబ్బు లోపలికి తేకూడదు. ఇది ఎక్కడా పెద్దగా రాసి లేదు, ఒక పెద్దావిడ చేత్తో చూపించి చెప్పింది. నీళ్లు మొదట కాలు పెట్టలేనంత వేడి. అత్తయ్య మెట్టు మెట్టుకీ ఆగుతూ పావుగంటకి నడుము దాకా దిగింది, ఆ తర్వాత ఇక పైకి రానంది. భాష ఒకరిది ఒకరికి రాదు, అయినా ఆ పెద్దావిడ, అత్తయ్య మోకాళ్లు చూపించుకుని ఏవో కబుర్లు చెప్పుకున్నారు. బయటికొచ్చాక, "ఇన్నాళ్లకి కాళ్లు నావి అనిపించాయే అమ్మాయ్" అంది. బయట మూల మీద ఒకతను 20 రూపాయలకి టీ ఇచ్చాడు, ఆ చలిలో అంత మంచి టీ ఇంకెక్కడా తాగలేదు.

రెండు జాగ్రత్తలు. నేల మీద పాచి ఉంటుంది, పెద్దవాళ్ల చెయ్యి వదలొద్దు. నీళ్లలో గంధకం ఉంది, గుడ్డు ఉడికిన వాసన తెలుస్తుంది, కాబట్టి వెండి వస్తువులు తీసేసి దిగండి. అత్తయ్య మెట్టెలు నల్లబడ్డాయి, పాప పట్టీలు ముందే తీసి నా బ్యాగులో వేశాను కాబట్టి సరిపోయింది. బట్టలు మార్చుకునే చోటు అంతంతమాత్రం, లాకర్లు లేవు, ఫోన్లు గదిలోనే పెట్టి రండి. మేము దిగిన హోమ్‌స్టే గుడికి నడిచే దూరంలోనే, రాత్రికి 1,600, రజాయిలు శుభ్రంగా ఉన్నాయి.

ఇక ఆ హోటల్. మనాలీ నుంచి దిగివస్తూ పార్వతీ లోయలోకి తిరిగాం. గదిలో పెద్ద టబ్బు, గోడ మీద పొగలు కక్కే బుగ్గ బొమ్మ, కొవ్వొత్తులు. అత్తయ్య ఆశగా చీర మార్చుకుని సిద్ధమైంది. టబ్బు సగం నిండిందో లేదో కరెంటు పోయింది. నీళ్లు ధార తగ్గకుండా వస్తూనే ఉన్నాయి, కానీ రెండు నిమిషాల్లో మంచులా చల్లబడిపోయాయి. భూమి లోపల కాగి వచ్చే నీళ్లకి కరెంటుతో పనేంటి? రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే అక్కడి కుర్రాడు ఏమీ దాచకుండా "లైట్ నహీ హై, గీజర్ బంద్ హై" అన్నాడు. మా ఆయన టార్చ్ పట్టుకుని వెనక్కి వెళ్లి చూస్తే, షెడ్డులో పెద్ద ఎలక్ట్రిక్ బాయిలర్, దాని పక్కన మామూలు నీళ్ల ట్యాంకు. అన్నీ వీడియో తీసుకొచ్చారు.

మేనేజర్ వచ్చి క్షమాపణ చెప్పాల్సింది పోయి, "ఈ సీజన్‌లో అందరూ ఇలాగే ఇస్తారు మేడమ్, మీకు వేడి నీళ్లేగా కావాలి" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వేడి నీళ్లు మా ఇంట్లో కూడా ఉన్నాయి, దానికోసం అంత దూరం వస్తామా? అరిచి అరిచి గొంతు పోయింది కానీ పైసా తిరిగివ్వలేదు. అత్తయ్య ఒక్క మాట కూడా అనలేదు, గుండీల స్వెటర్ వేసుకుని పడుకుంది. అదే నాకు ఎక్కువ బాధేసింది. పాప కూడా ఆ రాత్రి అన్నం తినకుండా నాయనమ్మ పక్కనే పడుకుంది.

మర్నాడు పొద్దున్నే ఖాళీ చేసేసి, ఆ లోయలోనే వేడి బుగ్గలు, గుడి, గురుద్వారా ఉన్న మణికరణ్ వెళ్లాం. టాక్సీకి 2,200, మణికరణ్‌లో ఆగి తర్వాత లోయ మొదట్లో ఉన్న భుంతర్ ఊళ్లో దింపాలని ముందే మాట్లాడుకున్నాం. ఇరుకు రోడ్డు, ట్రాఫిక్ టెన్షన్ ఉంటుంది, పొద్దున బయల్దేరడమే మంచిది. పార్వతీ నది మీద వంతెన దాటుతుంటే కింద మంచు కరిగిన నీళ్లు హోరుమంటుంటే, ఒడ్డున రాళ్ల సందుల్లోంచి ఆవిరి లేస్తుంటుంది. అక్కడ నీళ్లు దాదాపు మరిగే వేడిలో ఉంటాయి. అంత ఎత్తులో నీళ్లు 94 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అందుకే గుండంలో బుడగలు కనిపిస్తాయి. అగ్నిపర్వతం ఉందా అని పాప అడిగింది. లేదు, వాననీళ్లు, మంచునీళ్లు పగుళ్ల గుండా చాలా లోతుకి దిగి, అక్కడి వేడి రాళ్ల దగ్గర కాగి మళ్లీ పైకి తన్నుకొస్తాయని మా ఆయన చెప్పారు. ఆయనది సింగరేణి ఉద్యోగం కదా, మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోర్లలోంచి వేడి నీళ్లు ఎలా వచ్చాయో, వాటితో 20 కిలోవాట్ల చిన్న విద్యుత్ ప్లాంటు ఎలా పెట్టారో కూడా అక్కడే మొదలుపెట్టారు. ఆ కాసేపట్లోనే ఆయన మూడ్ బాగుపడింది.

గుడి వైపు కొట్లో బియ్యం, శనగల మూటలు 40 రూపాయలకి అమ్ముతారు. తాడు కట్టి గుండంలోకి వదిలితే అవే ఉడుకుతాయి. గురుద్వారాలో లంగర్ (అందరికీ ఉచితంగా పెట్టే భోజనం) వంట కూడా పెద్ద గిన్నెలు ఆ మరిగే నీళ్లలో దించి చేస్తారు. తల మీద గుడ్డ తప్పనిసరి, లేకపోతే వాళ్లే ఇస్తారు. పంక్తిలో కింద కూర్చోవాలి, అత్తయ్యకి అది కుదరదు. మేము అడగకముందే అక్కడ సేవ చేసే ఒక సేవాదార్ చూసి, ఆవిడకి స్టూలు తెచ్చి గోడ పక్కన వేసి, పళ్లెం చేతికిచ్చాడు. అన్నం, పప్పు, రొట్టె. రొట్టెలతో విసిగిపోయిన ఆవిడ ఆ అన్నం రెండోసారి అడిగి పెట్టించుకుంది. డబ్బు ఎవరూ అడగరు, హుండీలో తోచింది వేస్తాం. మేము 500 వేశాం, ఇంకా వేయాల్సిందనిపించింది. ఆ పూట అక్కడి ఆడవాళ్ల స్నానాల గదిలో, నది నీళ్లు కలిపి వేడి తగ్గించిన కొలనులో అత్తయ్య తీరిగ్గా కూర్చుంది. వేడి గుహలోకి కూడా వెళ్లొచ్చు కానీ బీపీ ఉన్నవాళ్లు ఒకటి రెండు నిమిషాలకి మించి ఉండకండి, మేము అత్తయ్యని వెంటనే బయటికి తీసుకొచ్చేశాం.

నేనైతే ఎవరికైనా చెప్పేది ఇదే: గది వశిష్ట్‌లో తీసుకోండి, మణికరణ్ ఒక పూటకి వెళ్లి రండి, పెద్దవాళ్లతో లోయలో రాత్రి ఉండక్కర్లేదు.

ఆ హోటల్ విషయానికొస్తే, బుకింగ్ యాప్‌కి బాయిలర్ వీడియో, ప్రకటన స్క్రీన్‌షాట్ రెండూ పంపాం, స్పా డబ్బు 3,000 వెనక్కి వచ్చింది. గది డబ్బు కోసం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం, అది ఇంకా నడుస్తోంది. ఇలాంటి చోట ఎక్కడ దిగినా ప్రకటన స్క్రీన్‌షాట్ ముందే తీసి పెట్టుకోండి, తర్వాత వాళ్లు దాన్ని మార్చేస్తారు. మా హోటల్ వాళ్లు మేము ఫిర్యాదు చేసిన వారానికే "సహజమైన" అన్న మాట తీసేశారు.