తాబేలు పిల్లకు అద్దాల తొట్టా, ప్లాస్టిక్ టబ్బా?

"తాబేలు పిల్లను తెచ్చాం, అక్వేరియం కొనాలా, టబ్బులో వేసినా బతుకుతుందా?" ఈమధ్య ఫోన్ చేసినవాళ్ళంతా ఇదే అడుగుతున్నారు.

ముందు అది ఏ తాబేలో చూడండి. కంటి వెనక ఎర్రచార ఉంటే రెడ్ ఇయర్డ్ స్లైడర్, అమెరికా జాతి. మన షాపుల్లో ఎక్కువగా అమ్మేది ఇదే. చెరువు గట్టున దొరికిందని పిల్లలు పట్టుకొచ్చిన మన తాబేలైతే తొట్టి మాటే వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పెంచడం నేరం. అటవీశాఖకు అప్పగించండి.

షాపువాడు అంటగట్టే ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు ఉన్న చిన్న డబ్బా ఇంటికి తెచ్చుకునేదాకా పనికొస్తుంది, అంతే.

అద్దాల తొట్టి అందమే వేరు. పిల్ల ఈత పక్కనుంచి కనిపిస్తుంది. ఒంట్లో బాగోక ఒక పక్కకు ఒరిగి తేలుతుంటే వెంటనే తెలిసిపోతుంది. చలికాలంలో హీటరు పెట్టడానికీ గాజే నయం, ప్లాస్టిక్‌కు ఆనితే కరుగుతుంది. చిక్కల్లా నీళ్ళ దగ్గరే. డిప్ప పొడవు 2.5 సెంటీమీటర్లకు 40 లీటర్లు అనేది పెంచేవాళ్ళ మోటు లెక్క. అంటే 5 సెంటీమీటర్ల పిల్లకు 80 లీటర్లు. మనం కొనే రెండడుగుల తొట్టిలో అంచుదాకా పోసినా 54 లీటర్లే. అంచుదాకా పోస్తే అది ఎక్కి దూకేస్తుంది కూడా. 100 లీటర్ల టబ్బు అంతకంటే చవగ్గా వస్తుంది.

అయినా నన్నడిగితే తేల్చేది నీళ్ళు కాదు, ఎండ. ఎండలోని యూవీబీ కిరణాలు ఒంటికి తగిలితేనే తాబేలుకు విటమిన్ డి3 తయారవుతుంది. అది లేకపోతే తిన్న కాల్షియం డిప్పకు పట్టదు. ఆ కిరణాలు గాజును దాటి రావు. కిటికీ పక్కన తొట్టి పెట్టి "ఎండ తగులుతోందిగా" అనుకుంటే మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే. మేమూ అలాగే అనుకున్నాం. కొన్ని నెలలు గడిచాక డిప్ప అంచును వేలితో నొక్కితే నానిన అప్పడంలా వంగింది. పశువైద్యుడు చెప్పింది రెండే మాటలు: ఎండ, కాల్షియం. యూవీబీ బల్బులు ఉన్నాయి. కానీ వెలుగు తగ్గకుండానే అందులోని కిరణాలు తగ్గిపోతాయి, ఆరునెలలకో ఏడాదికో మార్చాలి. ఇన్ని ఎండలున్న ఊళ్ళో ఉండి ఎండను కొనుక్కోవడం నాకు మనసొప్పలేదు.

అందుకే టబ్బుకు మారాం. తూర్పు బాల్కనీలో పెట్టి, అందులో రెండిటుకల మీద నున్నటి తాండూరు బండ ముక్క వేశాం. పొద్దున పిల్ల దానిమీదికెక్కి కాళ్ళు బారజాపుకుని పడుకుంటుంది. కాకులు ఎత్తుకుపోకుండా కూరగాయల క్రేటు బోర్లించి పైన బరువు పెట్టాం. టబ్బులో సగానికి ఎప్పుడూ నీడ ఉండాలి. మే నెలలో నీడ లేని టబ్బులో వదిలేస్తే పిల్ల ఉడికి చస్తుంది, అతిశయోక్తి కాదు.

ఇంకో సుఖం, ప్లంబరు చేత టబ్బు అడుగున చిన్న నల్లా పెట్టించాం. తిప్పితే మురికినీళ్ళు బకెట్లోకి, అక్కణ్ణుంచి కరివేపాకు కుండీకి. కొత్తగా పోసే కుళాయి నీళ్ళను క్లోరిన్ పోయేందుకు ఒకరోజు నిలవ ఉంచుతాం. టబ్బును మాత్రం వంటింటి సింకులో కడక్కండి. తాబేళ్ళ మీద సాల్మొనెల్లా ఉంటుంది, మనుషులకు వాంతులు, విరేచనాలు తెప్పించే బ్యాక్టీరియా అది. దాని భయంతోనే అమెరికాలో 1975 నుంచి 10 సెంటీమీటర్లలోపు పిల్లల్ని పెంపకానికి అమ్మనివ్వడం లేదు.

డాబా మీద సిమెంటు తొట్టి సంగతా? సొంతిల్లుంటే కట్టుకోండి, ఆడది 25 సెంటీమీటర్లు దాటుతుంది కాబట్టి ఎప్పటికైనా అవసరమే. ఇంత పిల్లను ఇప్పుడే అందులో వేస్తే వెతుక్కోలేం.

మా అద్దాల తొట్టిలో ఇప్పుడు గప్పీ చేపలున్నాయి. మొన్న జనవరిలో బాల్కనీ చల్లగా ఉందని ఒక్క రాత్రికి పిల్లను వాటి మధ్య వేశాం. తెల్లారేసరికి పదకొండు గప్పీల్లో నాలుగే మిగిలాయి.