తిరుపతి గాంధీ రోడ్డు సందులో కీ గడియారాల సర్వీసు: పనితనం ఎలా ఉంది?

తిరుపతిలో వాచీకి సెల్ మార్చే కొట్లు అడుగడుగునా ఉన్నాయి. కీ ఇచ్చే వాచీని చివరి స్క్రూ దాకా విప్పి, మళ్లీ నడిపించే చేతులు మాత్రం చాలా తక్కువ. గాంధీ రోడ్డు పక్క సందులో, మేడ మెట్ల కింద ఉన్న చిన్న బల్ల అలాంటిది. పెద్ద బోర్డేమీ లేదు. టేబుల్ లైటు, గాజు మూతల కింద విప్పిన భాగాలు, గోడకు వరసగా వేలాడే లోలకం గడియారాలు చూసి గుర్తుపట్టాలి.

బల్ల ముందు కూర్చునే పెద్దాయనకు నలభై ఏళ్లకు పైబడిన అనుభవం. ఆయన చేయి తిరిగింది హెచ్‌ఎంటీల మీద. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో ఆ వాచీల తయారీ మొదలైంది. ఒకప్పుడు మన వైపు పెళ్లికొడుక్కి వాచీ పెట్టారంటే చాలావరకు అదే. 1984లో టైటాన్ పుట్టి, సెల్‌తో నడిచే క్వార్ట్జ్ వాచీలు ఊళ్లను ముంచెత్తాక చాలామంది మెకానిక్‌లు బెల్టులు, సెల్లుల వ్యాపారంలోకి మళ్లారు. ఈయన లోహాన్ని తిప్పుతూ చెక్కే తన చిన్న లేత్‌ను వదల్లేదు. 2016లో హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూసివేతకు కేంద్రం ఆమోదం తెలిపింది. ఇప్పుడు స్పేరు కావాలంటే మిగిలిన పాత స్టాకు, లేదా పాడైన వాచీల నుంచి తీసిన భాగాలే గతి. అవీ దొరకకపోతే ఈయన స్వయంగా చేస్తారు.

ముఖ్యంగా బాలెన్స్ స్టాఫ్. ఇటూ అటూ ఊగుతూ వాచీ వేగాన్ని నిలిపే బాలెన్స్ చక్రానికి ఇరుసు అది. దాని కొనలు సుమారు మిల్లీమీటరులో పదో వంతు మందం ఉంటాయి. షాక్ రక్షణ లేని పాత స్విస్ వాచీ నేల మీద పడితే మొదట విరిగేది ఈ కొనే. చాలాచోట్ల విరిగిన స్టాఫ్‌ను సుత్తితో కొట్టి బయటికి తోస్తారు. అలా చేస్తే బాలెన్స్ రంధ్రం సాగిపోతుంది, కొత్త స్టాఫ్ ఎంత బాగా చేసినా చక్రం వంకరగా తిరుగుతుంది. ఈయన స్టాఫ్‌ను చక్రానికి పట్టి ఉంచే రివెట్ అంచును లేత్ మీద కోసి, పాతదాన్ని నెమ్మదిగా తీస్తారు. తర్వాత నీలం రంగు తేరేలా కాచి పదును పెట్టిన ఉక్కు కడ్డీని చేతి ఉలితో చెక్కి, కొనలను చివర్లో నున్నగా మెరుగు పెడతారు. రివెట్ చేశాక చక్రం నిటారుగా తిరుగుతోందో లేదో చూసి, తూకం సరిచేస్తారు. ఒక పక్క బరువు ఎక్కువైతే బల్ల మీద పడుకోబెట్టినప్పుడు సరిగ్గా నడిచే వాచీ, చేతికి పెట్టుకోగానే తప్పుతుంది. ఈ ఒక్క పనికే వారం పైన పడుతుంది. అంత సమయం ఇవ్వడం న్యాయమే.

హెచ్‌ఎంటీ వాళ్ల కీ వాచీ మోడల్ జనతా సర్వీసు వేరే సంగతి. ఇరుసులు తిరిగేందుకు 17 రాళ్లు, గంటకు 18,000 టిక్కులు, దెబ్బ తగిలినా ఇరుసును కాపాడే పారాషాక్ రక్షణ. కాబట్టి స్టాఫ్ అరుదుగా విరుగుతుంది. ఎక్కువగా కనిపించే జబ్బు ఎండిపోయిన నూనె. మొదట కీ ఇస్తే చుట్టుకునే మెయిన్ స్ప్రింగ్ బిగువంతా వదిలిస్తారు. అది మరిచి, చక్రాలను ఒక్కో పన్నుగా ఆపి వదిలే ప్యాలెట్‌ను తీస్తే చక్రాలన్నీ ఒక్కసారిగా గిర్రున తిరిగి ఇరుసులు దెబ్బతింటాయి. ప్రతి రాతి రంధ్రాన్నీ చెక్కపుల్లతో తుడుస్తారు. బాలెన్స్‌కూ వేగంగా తిరిగే చక్రాలకూ పల్చటి నూనె, బరువు మోసే నెమ్మది చక్రాలకు చిక్కటిది. ప్యాలెట్ ఇరుసులకు అసలు నూనె పెట్టరు. అదే సరైన పద్ధతి. “అన్నా, పెట్రోల్లో ముంచి తీసి ఇచ్చేయ్” అని తొందరపెట్టేవాళ్లకు “అట్లయితే నా దగ్గరికి రావద్దు నాయనా” అనే జవాబు వస్తుంది. విప్పకుండా ముంచితే మురికి కరిగి రాళ్ల లోపలికే చేరుతుంది, ఉన్న నూనె కూడా పోతుంది. వారం బాగా నడిచి, తర్వాత ఇరుసులను అరగదీస్తుంది.

వాచీ ఇచ్చేటప్పుడు టిక్కులు విని వాచీ నడకను కొలిచే టైమింగ్ మిషన్ మీద పెట్టి చూపిస్తారు, అడగండి. పూర్తి కీ మీద, డయల్ పైకి ఉన్నప్పుడు బాలెన్స్ చక్రం ఊపు 260 నుంచి 280 డిగ్రీలుంటే బాగున్నట్టు. 200 లోపు ఉంటే ఎక్కడో పట్టేస్తోంది. ఇంత పాత వాచీ రోజుకు అర నిమిషం లోపు తేడాతో నడిస్తే సంతోషించాలి. ఉన్నట్టుండి నిమిషాల కొద్దీ ముందుకు పరిగెడితే ముందు అనుమానించాల్సింది అయస్కాంతాన్ని. స్పీకర్, బ్యాగు అయస్కాంతపు బొత్తాం పక్కన పెడితే బాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నటి హెయిర్ స్ప్రింగ్ చుట్లు అంటుకుపోతాయి. దానికి సర్వీసు అక్కర్లేదు, అయస్కాంతం తీసే యంత్రం మీద ఒక్క క్షణం పని. ఈయన దానికి డబ్బు తీసుకోరు.

గోడ గడియారాల పని ఇంకా బాగుంది. ఇరుసులు తిరిగే రంధ్రాలు కోలగా అరిగితే చుట్టూ పంచ్‌తో కొట్టి బిగించడం తప్పుడు దారి. ఇక్కడ రంధ్రం పెద్దది చేసి ఇత్తడి బుష్ (చిన్న గొట్టం ముక్క) ఎక్కిస్తారు. ఇంటికి తెచ్చాక టిక్‌కూ టాక్‌కూ మధ్య ఎడం సమానంగా వినపడాలి, లేకపోతే గడియారం ఆగిపోవచ్చు. మన ఎండలకు ఇత్తడి కడ్డీ లోలకం సాగుతుంది కూడా: 15 డిగ్రీల వేడి పెరిగితే రోజుకు సుమారు 12 సెకన్లు వెనకబడుతుంది. ఏప్రిల్‌లో కింది మరను కాస్త బిగిస్తే చాలు.

లోపాలూ ఉన్నాయి. రసీదు ఇవ్వరు, చెప్పిన రోజుకు పని కాదు. డయల్‌కు రంగు వేయించమంటే ఒప్పుకోరు (ఆ మాట మాత్రం మెచ్చుకోవాలి). నీటి పరీక్ష యంత్రం లేదు. కాబట్టి సర్వీసు చేయించిన జనతాను కొత్త గ్లాసు, గాస్కెట్ వేశారన్న ధైర్యంతో పుష్కరిణిలో ముంచకండి. అలిపిరి మెట్లెక్కేటప్పుడు చెమట పట్టినా, పైకి చేరగానే విప్పి పొడి గుడ్డతో వెనక మూత అంచు తుడవండి. తుప్పు మొదలయ్యేది అక్కడే.